ఇంకో చోట ఉందా, అమ్మా?

మా ఆయన పెళ్లి నుంచి ఇంటికి చేరేసరికి ఏ రెండో మూడో అవుతుంది. గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు వినపడగానే లేచి సిస్టమ్ ఆన్ చేస్తాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి నా చేతిలో పెడతారు. అందులో మెమరీ కార్డులు ఉంటాయి. ఆ డబ్బా నా చేతికి వచ్చాకే ఆయన కాళ్లు కడుక్కోవడమైనా, మంచినీళ్లు తాగడమైనా. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి, ఒక్కరోజు తప్పలేదు.

మాది కోనసీమలో అంబాజీపేట పక్కన ఒక చిన్న ఊరు. పెళ్లి ఫొటోలు, వీడియోలే మా జీవనం. కెమెరా ఆయనది, కంప్యూటర్ నాది. మొన్న అమీర్‌పేటలో నాతో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ చేసి, "కొబ్బరితోటల మధ్య కూర్చుని ఇంత పని ఎలా లాగుతున్నారే?" అని అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అమీర్‌పేటలో ఒక ఆల్బమ్ డిజైనింగ్ షాపులో నేను ఆరేళ్లు చేశాను. జిల్లాల్లో స్టూడియోల వాళ్లు పెళ్లి ఫొటోలన్నీ హార్డ్ డిస్కులో వేసి బస్సు పార్సిల్లో పంపేవాళ్లు. పొద్దున్నే షాపు అబ్బాయి బస్టాండుకి వెళ్లి పార్సిళ్లు తెస్తే విప్పడం నా వంతు. ఒక్కొక్కరు ఒక్కోలా చుట్టేవారు. పాత తువ్వాలు, థర్మాకోల్ ముక్కలు, ఒకసారైతే చంటిపిల్లల బొంత. పైన తెల్లకాగితం అంటించి "పెళ్లి ఫొటోలు, జాగ్రత్త" అని స్కెచ్ పెన్నుతో రాసేవారు.

ఒకరోజు ఒక డిస్కు తగిలిస్తే లోపల్నించి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. దారిలో కిందపడిందో, దేని కిందైనా నలిగిందో తెలీదు. పంపినాయన అప్పటికే కార్డులు చెరిపేసి ఇంకో పెళ్లికి వాడేశారు. రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే మూడో వంతు ఫొటోలు వచ్చాయి. తాళి కట్టినప్పటివి రాలేదు. ఆయన హైదరాబాద్ వచ్చి మా షాపు మెట్ల మీద కూర్చుని ఆడపెళ్లివారికి ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలు "అండీ... అండీ..." అనడమే వినపడింది, వేరే మాట లేదు. కార్డుల డబ్బా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఆ మెట్లు గుర్తొస్తాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక పెళ్లిళ్లు ఆగిపోయాయి. రెండు నెలలు ఎలాగో అద్దె కట్టి, ఇక వల్లకాక మావయ్యగారి ఊరికి వచ్చేశాం. ఇక్కడ వీధి గదిలో ఆయన పాత స్టూడియో ఉంది. గోడ మీద రంగులు వెలిసిన కొండలు, జలపాతం, ముందు ఒక చెక్క స్టూలు. వెనక చిన్న చీకటి గది. ముప్పయ్యేళ్లు ఆయన అందులోనే ఫొటోలు కడిగారు.

వచ్చాం సరే, పని ఎలా? యాభై మందికి మించకూడదన్న నిబంధన మీద పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. మా ఆయనకి నాలుగైదు ఆర్డర్లు వచ్చాయి. కలర్ చేసే అబ్బాయి హైదరాబాద్‌లో, వీడియో మిక్సింగ్ చేసే ఆయన పాలకొల్లులో, ఆల్బమ్ వేసే ల్యాబ్ విజయవాడలో. మాకు రైలు లేదు. గోదావరి పాయల మధ్య ఉన్న సీమ, ఎటు వెళ్లాలన్నా వంతెన దాటాలి. బస్సులేమో సగం తిరగడం లేదు. చేతిలో ఉన్నది రోజుకి రెండు జీబీ ఇచ్చే సెల్ రీచార్జి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, మా పనిలో కష్టమంతా ఆ లెక్కలోనే ఉంది. ఒక పెళ్లికి ఇద్దరు కెమెరాల వాళ్లు కలిపి మూడు వేల పైన ఫొటోలు తీస్తారు. మేం రా ఫైళ్లు, అంటే కెమెరా ఏ దిద్దుబాటూ చేయకుండా ఇచ్చే అసలు ఫైళ్లు తీస్తాం. ఒక్కోటి ఇంచుమించు 25 ఎంబీ. 3,200 ఫొటోలంటే 80 జీబీ. వీడియో దీనికి అదనం. రోజుకి రెండు జీబీ చొప్పున పంపితే 40 రోజులు పడుతుంది. నలభై రోజులంటే పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లి, ఆషాఢానికి పుట్టింటికి కూడా వచ్చేస్తుంది.

స్పీడు అనగానే అందరూ దిగుమతి గురించే మాట్లాడతారు. సినిమా ఆగకుండా వస్తోందా, క్రికెట్ వస్తోందా అని. ఫొటోగ్రాఫర్‌కి కావలసింది ఎగుమతి, అంటే అప్‌లోడ్. మన దగ్గర్నుంచి సరుకు బయటికి వెళ్లాలి. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో ఈ రెండూ సమానంగా ఉండవు. దిగడానికి 8 ఎంబీపీఎస్ (సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని) వచ్చినా, ఎక్కడానికి ఒకటి వస్తే గొప్ప. ఇంకో మెలిక, స్పీడు చెప్పేది బిట్లలో, ఫైలు సైజు చెప్పేది బైట్లలో. ఎనిమిది బిట్లు అయితే ఒక బైటు. అంటే ఒక ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్ మీద 80 జీబీ పంపాలంటే ఎక్కడా ఆగకుండా ఏడు రోజుల పైనే పడుతుంది. అదే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే గంటా నలభై ఏడు నిమిషాలు. ఇది కాగితం మీద లెక్క, ఆచరణలో రెండున్నర గంటలు అనుకోండి. ఒక వారానికీ, ఒక తెల్లవారుజాముకీ ఉన్న ఈ తేడా మీదే మేం ఊళ్లో ఉండాలా, మళ్లీ సిటీకి పోవాలా అన్నది తేలింది.

ఆ మొదటి ఏడాది వారానికి మూడు రోజులు మా ఆయన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని అమలాపురం వెళ్లేవారు. తెలిసినాయన షాపులో ఫైబర్ లైన్ ఉంది. రాత్రి షట్టర్ వేశాక ఆ షాపు లోపల కూర్చుని అప్‌లోడ్ పెట్టి, తెల్లారి వచ్చేవారు. దోమలు, ఉక్క. ఆ షాపు ఆయన ఒక్కనాడు కూడా డబ్బులు అడగలేదు. ఆయనకి మా ఇంటి నుంచి ఏటా కొత్త అరటిగెల వెళుతుంది.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్ నెట్‌ని 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, ఫోను, నెట్ అన్నారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగడం అందులో ముఖ్యమైన ఆలోచన. తర్వాత ఊరూరా కేబుల్ ఆపరేటర్లు వేరే కంపెనీల లైన్లు కూడా అదే దారిన లాగారు. మా వీధికి 2021లో వచ్చింది. రెండు వైపులా 100 ఎంబీపీఎస్. నెలకి వెయ్యి లోపే కడుతున్నాం.

లైన్ వేసిన రోజు నేను అరుగు మీద కూర్చుని చూశాను. కేబుల్ అబ్బాయి నల్లటి తొడుగు ఒలిచాడు. లోపల పోగు మీద రంగు పూత, అది గీకితే అసలు గాజు. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. స్పిరిట్ అద్దిన కాగితంతో రెండు వేళ్ల మధ్య పట్టి తుడిచాడు. చిన్న కత్తెర మిషన్లో పెట్టి టక్కున కొన కోశాడు. రెండు కొనలూ ఎదురెదురుగా మిషన్లో పెడితే చిన్న తెర మీద రెండు పెద్ద కడ్డీల్లా కనిపించాయి. అవి నెమ్మదిగా జరిగి జరిగి ఒకదానికొకటి తగిలాయి. చిన్న మెరుపు. అతుకు ఎక్కడుందో కూడా తెలీలేదు. తర్వాత సిగ్నల్ బలం కొలిచే మీటరు పెట్టి చూసి, "మైనస్ 19 వస్తోంది మేడం, బ్రహ్మాండం. మైనస్ 27 దాటితే మాత్రం నాకు ఫోన్ చేయండి" అన్నాడు. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని అంతా చూసి, "అయితే ఇందులో వెళ్లేదంతా వెలుతురేనా?" అని అడిగారు. వెలుతురేనండీ అన్నాడతను. మావయ్యగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ సాయంత్రం అత్తయ్యగారితో, "మనం వెలుతురు కాగితం మీద పట్టాం, వీళ్లు తీగలో పంపుతున్నారే" అంటుంటే విన్నాను.

కోనసీమలో ఈ తీగకి శత్రువు కొబ్బరి మట్ట. గాలి కొడితే చాలు, ఎండిన మట్ట ఒకటి ఊడి తీగ మీద పడుతుంది. ఇంట్లో ఆ తీగ వచ్చి చేరే నెట్ డబ్బా మీద ఎర్రదీపం కొట్టుకోవడం మొదలవుతుంది. డబ్బా హాల్లో అత్తయ్యగారి మంచం పక్కనే ఉంటుంది కాబట్టి ముందు చూసేది ఆవిడే. "అమ్మాయ్, ఎర్రదీపం!" అని కేకేస్తారు. నేను వచ్చేలోపు కేబుల్ అబ్బాయికి ఫోన్ కూడా చేసేసి ఉంటారు. "బాబూ, మా కోడలి పని ఆగిపోయింది, తొందరగా రా నాయనా" అని. వర్షాకాలంలో నెలకి రెండుసార్లయినా తప్పదు. డబ్బాకీ రూటర్‌కీ ఇన్వర్టర్ మీద విడిగా లైన్ ఇచ్చాం. కరెంటు పోతే ఫ్యాన్ ఆగినా పర్లేదు, అది ఆగకూడదు.

ఇప్పుడు రాత్రి పని ఎలా నడుస్తుందో చెబుతాను. మా స్నేహితురాలు ముఖ్యంగా అడిగింది ఇదే. కార్డులు రాగానే రెండు డిస్కుల్లోకి కాపీ. కాపీ అయ్యాక ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోకి ఎక్కించి స్మార్ట్ ప్రివ్యూలు కట్టిస్తాను. ఇవి రా ఫైళ్లకి చిన్న నకళ్లు, పొడవు వైపు 2,560 పిక్సెళ్లు ఉంటాయి. 80 జీబీ పెళ్లి నాలుగు జీబీలోకి దిగుతుంది. వాటినీ, ఏ ఫొటోకి ఏ మార్పు చేశామో రాసుకునే క్యాటలాగ్ ఫైలునీ హైదరాబాద్ అబ్బాయికి పంపడానికి పది నిమిషాలు చాలు. అతను పొద్దున్నే లేచి వాటి మీదే కలర్ చేస్తాడు. తిరిగి పంపేది క్యాటలాగ్ ఒక్కటే. నేను దాన్ని ఇక్కడి అసలు ఫైళ్లకి కలిపితే అతను చేసిన మార్పులన్నీ వాటి మీదకి వచ్చేస్తాయి. అసలు ఫొటోలు ఇల్లు కదలవు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఇది నేర్చుకోమని నా మాట.

వీడియోకి ఈ సుఖం లేదు. పాలకొల్లు ఆయనకి అసలు ఫుటేజీ మొత్తం వెళ్లాల్సిందే. అది రెండో రాత్రి పెట్టుకుంటాను.

తర్వాత ఆల్బమ్. షీటు 12 బై 36 అంగుళాలు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 10,800 బై 3,600 పిక్సెళ్లు. లేయర్లతో ఉన్న ఫొటోషాప్ ఫైలు (పీఎస్‌డీ) ఒక్కో షీటుకి ఎన్నో వందల ఎంబీలు అవుతుంది. నలభై షీట్ల ఆల్బమ్‌లో పార్టీవాళ్లు, అంటే మాకు పని ఇచ్చిన పెళ్లివారు, "ఈ షీట్లో మా బాబాయ్ ఫొటో లేదండీ" అంటే ఒకప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్, మళ్లీ బస్సు. ఇప్పుడు మార్చి పంపితే గంటలో ల్యాబ్‌లో ఉంటుంది. అయినా ఒక్క విషయంలో నేను ఏ స్పీడునీ నమ్మను. పట్టుచీర ఎరుపు, పసుపు రాసిన ముఖం, ఈ రెండూ తెర మీద ఒకలా, కాగితం మీద ఒకలా వస్తాయి. అందుకే ప్రతి ఆల్బమ్‌కీ ముందు ఒక్క షీటు ప్రింటు వేయించి బస్సులో తెప్పించుకుంటాను. కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టి చూశాకే మిగతావి వేయమంటాను. దీనికి రెండు రోజులు పోతాయి. పోనివ్వండి.

సెలెక్షన్ సంగతి కూడా చెప్పాలి. పూర్వం పార్టీవాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఆర్నెల్లు తిరిగి వచ్చేవారు కాదు. తప్పు వాళ్లది కాదు. ఫొటోలు ఎంచాల్సిన పెళ్లికూతురు ఏ టెక్సాస్‌లోనో ఉంటుంది, తల్లి ఇక్కడ ఉంటుంది. ఇప్పుడు గ్యాలరీ లింకు ఇద్దరికీ పంపుతాం. అక్కడ కూతురు గుర్తు పెడుతుంటే ఇక్కడ తల్లికి కనిపిస్తుంది. మొన్న ఒకావిడ మా ఇంటికి వచ్చి, "మా అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఫొటో ఒక్కటీ పెట్టలేదమ్మా, నువ్వే రెండు పెట్టెయ్" అంది. పెట్టేశాను. రాత్రికి ఆ అమ్మాయే మెసేజ్ చేసింది, థ్యాంక్స్ అక్కా, నాయనమ్మవి నేను చూసుకోలేదు అని.

మా పెళ్లిళ్లే కాదు, బయటి పనీ వస్తోంది. డాలస్‌లో ఉన్న ఒక తెలుగు ఫొటోగ్రాఫర్‌కి ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాల ఆల్బమ్‌లు నేనే చేస్తున్నాను. ఆయన రాత్రి పదింటికి ఫైళ్లు పెట్టి పడుకుంటే వేసవిలో ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. పిల్లల్ని బడికి పంపి వచ్చేసరికి దిగి ఉంటాయి. ఆయన లేచేసరికి నేను సగం షీట్లు పెట్టేస్తాను. ముహూర్తాలు లేని మూఢం నెలల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పని మీదే.

నెట్ మీద ఇంత ఆధారపడితే అది లేని రోజు ఎలా ఉంటుందో కూడా చూశాం. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో సెల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఆ వారంలో మాకు రెండు పెళ్లిళ్ల లైవ్‌లు ఉన్నాయి, రెండూ సిమ్‌ల మీద ఒప్పుకున్నవే. రెండూ పోయాయి. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని యానాం వైపు సిగ్నల్ కోసం గోదావరి గట్టుకి వెళ్లారు. ఇంటి లైన్ కూడా సరిగ్గా రాకపోవడంతో మా ఆయన కూడా అమలాపురం, ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన దగ్గరికి వెళ్లి, చెట్టు కింద బండి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పెళ్లి వీడియో పంపారు. అక్కడ తనలాంటివాళ్లు యాభై మంది ఉన్నారట. ఒక తల్లి కొడుక్కి గొడుగు పట్టి నిలబడిందట.

లైవ్ అన్నాను కదా. నన్ను ఎక్కువ మార్చింది ఆ పనే.

మా పక్క ఊళ్లో ఒక అక్క ఉంది. కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఈ సీమ నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు చాలామంది, ప్రతి వీధిలో ఒక ఇల్లైనా ఉంటుంది. పెద్దమ్మాయి పెళ్లి మాఘంలో కుదిరింది. సెలవు దొరకలేదు. నాకు ఫోన్ చేసి, "నాకు ఆల్బమ్ వద్దు చెల్లీ. తాళి కట్టేటప్పుడు చూడగలిగితే చాలు" అంది. ముహూర్తం రాత్రి 1:35కి. అక్కడ 11:05. పని ముగించుకుని తన గదిలో కూర్చునే వేళ.

మా ఆయన రెండు కంపెనీల సిమ్‌లు పెట్టారు. సాయంత్రం పరీక్షిస్తే అప్‌లోడ్ 12 ఎంబీపీఎస్ వచ్చింది. లైవ్‌కి ఐదు ఉంటే సరిపోతుంది. నేను ఇంట్లో ఫోన్లో చూస్తున్నాను. గౌరీపూజ అయింది, గంపలో పెళ్లికూతుర్ని మేనమామలు తెచ్చారు, అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం పెట్టారు. తెర తీశారు. అక్కడ బొమ్మ ఆగింది. పెళ్లికూతురు తల కొంచెం ఎత్తి ఉంది, అలాగే ఆగిపోయింది. మధ్యలో గుండ్రం తిరుగుతోంది. ఆ పందిట్లో ఆరు వందల మంది. అందరూ ఒక్కసారే ఫోన్లు తీసి వీడియోలు పంపుకోవడం మొదలెట్టారు. ఊళ్లో టవర్ ఒక్కటే. మా లైన్‌కి అర ఎంబీపీఎస్ కూడా దక్కలేదు.

పదకొండు నిమిషాలు. మళ్లీ వచ్చేసరికి తలంబ్రాలు పోస్తున్నారు.

అక్క నాకు ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడాలనుకున్నాను. "పర్లేదు చెల్లీ, తలంబ్రాలు చూశాను కదా" అంది. ఆ మాటకి నాకు మాట రాలేదు. మా ఆయన మూడింటికి ఇంటికి రాగానే మిగతా కార్డులు ఏవీ ముట్టుకోకుండా ఆ పదకొండు నిమిషాలూ ముందు తీసి పంపాను. ఇంటి లైన్ మీద రెండు నిమిషాల్లో వెళ్లిపోయింది. అప్పుడు కువైట్‌లో ఒంటిగంట దాటింది. వెంటనే రెండు నీలం గీతలు వచ్చాయి. ఆవిడ ఇంకా పడుకోలేదు.

ఆ రోజు నుంచి ఒట్టి సిమ్‌ల మీద లైవ్ ఒప్పుకోవడం మానేశాం. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే చెబుతాం. పెళ్లికి రెండు రోజుల ముందు కేబుల్ అబ్బాయిని తీసుకెళ్లి, పందిరికి దగ్గరలో ఫైబర్ డబ్బా ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి తీగ లాగిస్తాం. సిమ్‌లు పక్కన కాపలాకి ఉంటాయి, అంతే. దీనికయ్యే ఖర్చు చెబితే కొందరు పార్టీవాళ్లు వెనకాడతారు. అలాంటప్పుడు లైవ్ వదిలేసుకోమని నేనే చెబుతాను. ఆగిపోయే లైవ్ కంటే మర్నాడు పంపే వీడియో మేలు. అవతలి చివర కూర్చున్నవాళ్లకి ఆ గుండ్రం తిరగడం ఎలా ఉంటుందో నేను చూశాను.

రెండేళ్లకి అక్క రెండో అమ్మాయి పెళ్లి. ఈసారీ సెలవు రాలేదు. ఫైబర్ డబ్బా కాలవ అవతలి గట్టున ఉంది. 340 మీటర్ల తీగ పట్టింది. కాలవ మీదుగా రెండు వెదురు గడలు పాతి, డెకరేషన్ లారీ వస్తే తగలని ఎత్తులో కట్టించాం. అది సరిపోతుందో లేదో అని మా ఆయన గడ పట్టుకుని లారీ దాటేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ రాత్రి నేనూ పందిట్లోనే ఉన్నాను, అప్‌లోడ్ అంకె చూస్తూ. తాళి కట్టారు, మట్టెలు పెట్టారు, అరుంధతిని చూపించారు. అంకె కదల్లేదు. అప్పగింతల దగ్గర పెళ్లికూతురు కెమెరా వైపు తిరిగి "అమ్మా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. పాలల్లో ముంచిన చేతులు అలాగే కెమెరా వైపు చాపింది. ఫొటోల్లో చూస్తే నా వెనకున్న వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని ఏడుస్తున్నారు.

ఇక మావయ్యగారి సంగతి. ఆయన ఫోన్లో మెసేజ్ చూడటం కూడా ఈ మధ్యే నేర్చుకున్నారు. అయినా రోజూ పొద్దున కాఫీకి ముందు నా గది గుమ్మంలో నిలబడి ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇంకో చోట ఉందా, అమ్మా?"

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడ్డప్పుడు ఈ ఇంటి పెంకులన్నీ ఎగిరిపోయాయి. స్టూడియో గదిలో రెండు ఇనప పెట్టెల్లో నెగెటివ్‌లు ఉండేవి. మా ఊరివీ, చుట్టుపక్కల ఊళ్లవీ పెళ్లిళ్లు, బారసాలలు, బడి గ్రూపు ఫొటోలు. తెల్లారేసరికి పెట్టెల్లో నీళ్లు. ఊళ్లో కొబ్బరిచెట్లు సగానికి సగం పడిపోయాయి. అయినవాళ్లని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ సమయంలో నెగెటివ్‌లు ఎవరికి గుర్తుంటాయి? వారం తర్వాత ఆయన, అత్తయ్యగారు కలిసి వాటిని దండేల మీద ఆరేశారట. కొన్ని బతికాయి. చాలావరకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తర్వాత ఏళ్లలో తుపానులో పోయిన మనుషుల ఫొటోల కోసం ఇళ్లవాళ్లు వచ్చేవారు. ఉన్న ఒక్క ఫొటో కూడా ఇంటితోపాటు పోయింది, మీ దగ్గర నెగెటివ్ ఉందా అని. లేదని చెప్పి పంపడం తన వల్ల కాలేదంటారు ఆయన.

అందుకే ఆ ప్రశ్నకి నేను తేలిగ్గా జవాబు చెప్పను. రెండు డిస్కులు ఈ ఇంట్లోనే ఉంటాయి. ఒక తుపానుకి రెండూ పోవచ్చు. మూడో కాపీ క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా ఎక్కించి దూరాన ఎక్కడో దాచే చోట ఉండాలి. స్మార్ట్ ప్రివ్యూలు వెళ్లాక తెల్లవారుజామున నాలుగింటికి అసలు 80 జీబీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఏడు లోపల అయిపోతుంది. అయిందని కళ్లారా చూసి, ఏవో పది ఫైళ్లు వెనక్కి దింపి తెరిచి చూసి, అప్పుడే కార్డులు చెరుపుతాను. మావయ్యగారు అడిగేసరికి సాధారణంగా నా దగ్గర జవాబు ఉంటుంది. లేని రోజున "ఇంకా లేదండీ, ఎక్కుతోంది" అంటాను. అయ్యేదాకా ఆయన కాఫీ గ్లాసుతో అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ఈ ఏడాది బతికిన నెగెటివ్‌లు స్కాన్ చేయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన లైటు డబ్బా మీద ఒక్కొక్కటీ పెట్టి, భూతద్దంలో చూసి, ఇది ఫలానా వాళ్ల ఇంట్లో పెళ్లి, ఈ పిల్లాడు ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు అని చెబుతారు. నేను ఫైలు పేరులో అదంతా రాస్తాను. ఆ రాత్రి అవీ పెళ్లి ఫొటోలతోపాటే పైకి వెళతాయి. ఇప్పటికి రెండు వేల పైన అయ్యాయి.

అతుక్కుపోయిన కట్టలు ఇంకా పెట్టె అడుగున ఉన్నాయి. బలవంతంగా విడదీస్తే బొమ్మ ఊడివచ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, ఒక్కో పొరా వేలితో నెమ్మదిగా జరపాలంటారు మావయ్యగారు. పెళ్లిళ్ల హడావుడిలో ఆ పని పెట్టుకోకూడదు, చేతులు వణుకుతాయి, ఆషాఢం రానీ అన్నారు. నీళ్ల క్యాన్లు రెండు తెప్పించి చీకటి గదిలో పెట్టాను.